స్టాండప్ కాల్ అంటేనే వణుకు. ఇంట్లో ఎట్లా చెప్పాలి, ఇక్కడి నుంచి ఎట్లా బయటపడాలి?

బత్తాయితోట (నకిరేకల్ వైపు)
శుక్రవారం, రాత్రి 1:10

అన్నలకు, అక్కలకు నమస్తే. ఏడాదిగా ఇక్కడ చదువుతున్నాను, రాయడం మాత్రం ఇదే మొదలు.

మాది నకిరేకల్ దగ్గర పల్లె. బీటెక్ నల్లగొండలో చేశాను. మా ఇంట్లో నెల జీతం తీసుకునే మొదటి మనిషిని నేనే. ఏడాది రెండు నెలలుగా హైదరాబాద్‌లో ఒక చిన్న కంపెనీలో బ్యాకెండ్ పని. వారంలో మూడు రోజులు ఆఫీసు, రెండు రోజులు ఇంటి నుంచి. బుధవారం సాయంత్రం ఎల్బీ నగర్‌లో బస్సెక్కితే చౌటుప్పల్, చిట్యాల, నార్కట్‌పల్లి దాటి రాత్రికి ఇల్లు చేరతాను. మొదట్లో ఆ బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే ప్రాణం హాయిగా ఉండేది. ఇప్పుడు చిట్యాల వచ్చేలోపు పదిసార్లు ఫోన్ తీసి చూస్తున్నాను.

సమస్య మా టీమ్ లీడ్. పొద్దున పదింటికి స్టాండప్, అంటే నిన్న ఏం చేశామో ఒక్కొక్కరం చెప్పే కాల్. పద్నాలుగు మంది ఉంటారు. నా వంతు రాగానే ఆయన గొంతు మారుతుంది. "నిన్నంతా ఏం పొడిచావో చెప్పు" అంటాడు. కోడ్ రివ్యూలో తప్పు ఎక్కడుందో రాయడు, "ఇది రాసినవాడికి డిగ్రీ ఎవరిచ్చారు" అని అందరికీ కనబడేలా రాస్తాడు. నేను "గట్లనే అయితది" అంటే ఆ మాటను నా గొంతుతోనే మళ్లీ అని అందరినీ నవ్విస్తాడు. రాత్రి తొమ్మిదికి పని పంపి పొద్దున ఎనిమిదికి కావాలంటాడు.

పోయిన శుక్రవారం మధ్యాహ్నం డేటాబేస్‌లో ఆర్డర్ల టేబుల్‌కి కొత్త ఇండెక్స్ (వెతకడం త్వరగా అయ్యేందుకు పెట్టే పట్టిక) వేయమన్నాడు, నేరుగా ప్రొడక్షన్‌లో, అంటే కస్టమర్లు వాడుతున్న సిస్టమ్‌లోనే. మా డేటాబేస్ పోస్ట్‌గ్రెస్. మామూలుగా వేస్తే ఇండెక్స్ తయారయ్యేదాకా ఆ టేబుల్‌లో కొత్త ఎంట్రీలు పడవు. "రాత్రి చేద్దాం, లేదంటే కాంకరెంట్లీ పెట్టి వేద్దాం" అని చాట్‌లో రాశాను. కాంకరెంట్లీ పెడితే ఎంట్రీలు ఆగవు. "దానికి టైమ్ పడుతుంది, చెప్పింది చెయ్" అన్నాడు. చేశాను. నలభై నిమిషాలు ఆర్డర్లు ఆగిపోయాయి. క్లయింట్ కాల్‌లో "మా ఫ్రెషర్ చూసుకోకుండా చేశాడు" అన్నాడు. నేను ఆ కాల్‌లోనే ఉన్నాను. నోరు పెగల్లేదు.

ఆ రాత్రి పన్నెండున్నరకు మళ్లీ ఫోన్ చేశాడు. ఇయర్‌ఫోన్లలో ఛార్జింగ్ అయిపోయింది, ల్యాప్‌టాప్‌లో టైప్ చేయాలి కాబట్టి స్పీకర్ పెట్టక తప్పలేదు. మాది రెండు గదుల ఇల్లు. ఆయన అరుపులకు అమ్మ లేచి చెంబుతో నీళ్లు తెచ్చి నా పక్కన కూర్చుంది. నాయిన గడపలో నిలబడ్డాడు. ఇరవై నిమిషాలు వాళ్లిద్దరూ విన్నారు. కాల్ అయ్యాక నాయిన మెల్లగా అడిగాడు: "ఏమన్న దొంగతనం జేసినవా బిడ్డా? ఆయన గట్ల తిడుతుండు."

"లేదు నాయినా, పని గట్లనే ఉంటది" అన్నాను. ఇంకేం అడగలేదు. పొద్దున నన్ను లేపకుండానే తోటకు పోయాడు. ఆ ఒక్క ప్రశ్న అప్పటి నుంచి నా చెవిలోనే ఉంది.

మానేద్దామంటే బాండ్ ఉంది, రెండేళ్లలోపు పోతే లక్షన్నర కట్టాలి. నోటీసు 90 రోజులు. పది, ఇంటర్, బీటెక్ ఒరిజినల్ మెమోలు చేరిన రోజే హెచ్ఆర్ తీసిపెట్టుకున్నారు. అక్క పెళ్లి అప్పు ఇంకా ఉంది. ఆదివారం సాయంత్రం అయిందంటే కడుపులో మెలిపెట్టినట్టు నొప్పి. ఏం చేయాలో చెప్పండి.

కనగల్_రోడ్డు
శుక్రవారం, రాత్రి 1:32

తమ్మీ, నీది చదువుతుంటే నాది నేనే చదువుకున్నట్టుంది. పాత కంపెనీ మానేసి ఎనిమిది నెలలైంది. టీమ్స్ రింగ్‌టోన్ ఎవరి ఫోన్‌లో మోగినా ఇప్పటికీ ఒక్క క్షణం గుండె ఆగుతుంది. పెద్దగా సలహా ఇచ్చేంత అనుభవం నాకు లేదు. ఈ రాత్రి మాత్రం నిద్రపో. ఇక్కడ చాలామంది ఉన్నాం.

సాగర్_ఎడమకాలువ (మిర్యాలగూడ)
శనివారం, ఉదయం 7:05

పదిహేడేళ్లకు పైగా ఈ ఫీల్డ్‌లో ఉన్నాను. తమ్ముడికి ఒక మాట కటువుగా చెబుతున్నా. మొదటి ఉద్యోగంలో తిట్లు తినని వాడు ఎవడూ లేడు. మేం 2008లో చేరినప్పుడు అమెరికా మాంద్యం దెబ్బకు, ప్రాజెక్టు లేక బెంచ్ మీద కూర్చున్నవాళ్లను ఒక్కొక్కరినే పిలిచి పంపేవాళ్లు. రోజూ ఐడీ కార్డు పనిచేస్తుందో లేదో అని భయపడుతూ గేటు దాటేవాళ్లం. ఇప్పుడూ మార్కెట్ ఏమంత బాగాలేదు, ఫ్రెషర్లను అడిగే నాథుడు లేడు. ఇంకో పది నెలలు పళ్లు బిగబట్టి పని నేర్చుకో. రెండేళ్ల అనుభవం చేతికొస్తే నీ దారి నీది. నోటి మాటలకు మనసు పాడుచేసుకుంటే ఈ రంగంలో నిలబడలేం.

పిల్లలమర్రి_నీడ (మహబూబ్‌నగర్)
శనివారం, ఉదయం 9:40

సాగర్ అన్నా, మీ అనుభవం మీద నాకు గౌరవం ఉంది. కానీ ఈ మాట ఒప్పుకోలేను.

కఠినంగా ఉండటం వేరు, మనిషిని చులకన చేయడం వేరు. నా మొదటి లీడ్ మహా కఠినం. ఒకసారి నా కోడ్‌ను పదకొండు సార్లు వెనక్కి పంపాడు. పదకొండోసారికి నాకు ఏడుపొచ్చింది. ఆయన కుర్చీ లాక్కొని నా పక్కన కూర్చుని, "ఈ ఫంక్షన్ ఎన్ని పనులు చేస్తోందో వేళ్ల మీద లెక్కపెట్టమ్మా" అన్నాడు. నాలుగు. "నాలుగు ముక్కలు చెయ్" అన్నాడు, లేచిపోయాడు. ఆ రోజు నేర్చుకున్నది ఇప్పటికీ నాకు తిండి పెడుతోంది. రెండో కంపెనీలో లీడ్ ఒక్క మాట కూడా నేర్పలేదు, "ఆడపిల్లలకు రిలీజ్ రాత్రులు (కొత్త వెర్షన్ పెట్టే రాత్రులు) కుదరవు, వీళ్లనెందుకు తీసుకుంటారో" అని అందరి ముందూ అనేవాడు. రెండూ తిట్లే కదా అని ఎట్లా కలిపేస్తాం?

తమ్మీ, నీ పోస్ట్‌లో నన్ను పట్టుకున్నది తిట్లు కాదు. మెమోలు వాళ్ల దగ్గర ఉండటం.

మా తాత పాలమూరు లేబర్. గుంపు మేస్త్రీ ఊరికొచ్చి అడ్వాన్స్ ఇచ్చేవాడు. ఆ డబ్బుతో ఇంట్లో గింజలు, పాత బాకీ, ఏదో ఒక పెళ్లి. తర్వాత లారీ ఎక్కి ఎక్కడో ప్రాజెక్టు కట్ట మీద మట్టి మోయాలి. దెబ్బ తగిలినా, జ్వరమొచ్చినా, మేస్త్రీ బూతులు తిట్టినా అడ్వాన్స్ తెగేదాకా ఇంటికి రావడానికి లేదు. ఈ దేశంలో ఎన్ని ఆనకట్టలకు మా జిల్లా వాళ్లు మట్టి మోశారో మా ఇళ్లలో అడిగితే చెబుతారు. తాత ఎప్పుడూ ఒక మాట అనేవాడు: "పనికి భయపడలె బిడ్డా, అడ్వాన్సుకు భయపడ్డ." తిట్టేవాడికి తెలుసు, వీడు పోలేడని. అందుకే తిడతాడు. మీ లీడ్ కూడా రెండేళ్ల అనుభవం ఉన్నవాణ్ని ఇట్లా అనడని నా నమ్మకం. బాండ్ ఉన్నవాళ్లనే అంటాడు, చూసుకో.

కాబట్టి ముందు ఆ ముడి విప్పు. తిట్ల సంగతి తర్వాత.

గడియారం_సెంటర్ (నల్లగొండ)
శనివారం, ఉదయం 11:15

నల్లగొండ కోర్టులో ప్రాక్టీస్ చేస్తాను. కాగితం చూడకుండా ఏ లాయరూ ఖాయంగా చెప్పలేడు, కాబట్టి సంతకం పెట్టిన అగ్రిమెంట్ కాపీ నీ దగ్గర ఉందో లేదో ముందు చూడు. లేకపోతే మెయిల్‌లో అడుగు.

బాండ్ సంగతి. 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం 27వ సెక్షన్ ప్రకారం మనిషిని తన వృత్తి చేసుకోకుండా ఆపే ఒప్పందం చెల్లదు. అంటే ఇక్కడ మానేసి ఇంకోచోట చేరకుండా నిన్ను ఎవరూ ఆపలేరు. అలాగని "బాండ్లన్నీ ఉత్త కాగితాలు" అని చెప్పేవాళ్లను నమ్మకు. 2025 మే నెలలో సుప్రీంకోర్టు ఒక ప్రభుత్వ బ్యాంకు కేసులో, మూడేళ్లలోపు మానేస్తే 2 లక్షలు కట్టాలన్న షరతు సరైనదే అంది. ఉద్యోగి మానేస్తే మళ్లీ దేశమంతటికీ ప్రకటన ఇచ్చి నియామకం జరపాల్సిన ప్రభుత్వ సంస్థ అది. నీ కంపెనీ పరిస్థితి వేరు. 74వ సెక్షన్ చెప్పేదేమిటంటే, కాగితం మీద ఎంత రాసుకున్నా ఆ మొత్తానికి లోబడి సబబైన పరిహారం మాత్రమే ఇప్పిస్తారు. కాబట్టి నువ్వు అడగాల్సిన ప్రశ్న ఒకటే: "నా శిక్షణకు ఎంత ఖర్చు పెట్టారో లెక్క చూపండి." చాలా చిన్న కంపెనీల దగ్గర ఆ లెక్క ఉండదు.

మెమోలు నీ సొత్తు. వాటిని కుదువ పెట్టుకున్నట్టు అట్టిపెట్టుకునే అధికారం ఏ చట్టమూ యజమానికి ఇవ్వలేదు. ఫోన్‌లో అడగకు. మెయిల్ పెట్టు, ఏయే మెమోలు ఏ తేదీన ఇచ్చావో రాసి, ఏడు రోజుల గడువు పెట్టు. మర్యాదగా, రెండే పేరాల్లో. ఇవ్వకపోతే లాయర్ నోటీసు. చాలావరకు నోటీసు దాకా రాదు, మెయిల్‌లో "అట్టిపెట్టుకున్నారు" అన్న మాట చూడగానే బీరువా తెరుచుకుంటుంది.

పని గంటలు. 2025 జూలైలో మన రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చిన ఉత్తర్వుల్లో వాణిజ్య సంస్థల్లో రోజుకు 10 గంటల దాకా అనుమతించారు, కానీ వారానికి 48 గంటల పరిమితి అట్లాగే ఉంది. దాటితే ఓవర్‌టైమ్ కట్టాలి.

ఇంకొకటి. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం, ఉద్యోగి రాజీనామా చేసినా, వాళ్లే తీసేసినా, చివరి జీతం రెండు పనిదినాల్లో ఇవ్వాలి. 45 రోజులు, 60 రోజులు అని చెబితే ఈ మాట గుర్తుచెయ్యి.

ఫీజు కట్టే స్తోమత లేనివాళ్లు చదువుతుంటే: జిల్లా కోర్టు ప్రాంగణంలో న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది. మహిళలకు, ఎస్సీ ఎస్టీలకు, ఆదాయం తక్కువ ఉన్నవాళ్లకు లాయర్‌ను ఉచితంగా ఇస్తారు. ఫోన్ 15100.

బత్తాయితోట
శనివారం, సాయంత్రం 6:20

అందరికీ చేతులెత్తి దండం. మెమోల గురించి మెయిల్ పెట్టవచ్చని నాకు తట్టనే లేదు. "రూలు" అని వాళ్లు అనగానే రూలే అనుకున్నాను. పాలమూరు అక్కా, మీ తాత మాట చదివి చాలాసేపు అట్లాగే కూర్చున్నాను.

ఒక భయం ఉంది. మెయిల్ పెడితే లీడ్‌కు తెలిసి ఇంకా ఎక్కువ చేస్తే? వచ్చే కంపెనీకి నా గురించి చెడుగా చెబితే? ఇంట్లో ఇంకా ఏమీ చెప్పలేదు.

కొల్లాపూర్_మామిడి
శనివారం, రాత్రి 8:50

నేను హెచ్ఆర్‌లోనే పనిచేస్తాను, వేరే కంపెనీలో. లోపలి మాట చెబుతాను.

హెచ్ఆర్ నీ శత్రువు కాదు, నీ మేనత్త కూడా కాదు. నోటితో చెబితే "చూద్దాం" అంటాం. కాగితం మీద పడ్డదానికి ఎవరో ఒకరు జవాబు రాయాలి, అందుకే రాతకు విలువ. ఫిర్యాదు రాసేటప్పుడు "వేధిస్తున్నాడు, టార్చర్" అని రాస్తే చదివే మనిషికి ఏమీ కనబడదు. "ఫలానా తేదీ స్టాండప్‌లో, పదమూడు మంది ముందు, ఈ మాట అన్నారు" అని రాస్తే కనబడుతుంది. ఒక నోట్‌బుక్ కొను. ఆ రోజుది ఆ రోజే రాయి: తేదీ, సమయం, అన్న మాట, విన్నవాళ్లు. నీ ఆఫర్ లెటర్, పే స్లిప్పులు, అప్రైజల్ మెయిళ్లు ఇంట్లో దాచుకో. కానీ కంపెనీ కోడ్, క్లయింట్ డేటా మాత్రం నీ సొంత మెయిల్‌కు పంపుకోకు. ఆవేశంలో చాలామంది పిల్లలు ఈ తప్పు చేస్తారు. అప్పుడు నేరం నీది అవుతుంది, వాళ్లు చేసింది మరుగున పడిపోతుంది.

కొత్త కంపెనీ చేసే వెరిఫికేషన్‌లో అడిగేది ఎక్కువగా ఇవే: చేరిన తేదీ, మానేసిన తేదీ, హోదా, రిలీవింగ్ లెటర్, పీఎఫ్‌లో ఆ వివరాలు సరిపోతున్నాయా. లీడ్‌కు నువ్వంటే ఇష్టమా అన్నది ఆ ఫారంలో ఉండదు. రిఫరెన్సు అడిగితే నీతో బాగా పనిచేసిన ఇంకో సీనియర్ పేరు ఇవ్వొచ్చు. చెప్పకుండా మాయమవడం మాత్రం చేయకు. దాన్ని అబ్‌స్కాండింగ్ అని రాస్తారు, అది వెంటాడుతుంది.

కొన్ని కంపెనీలు పీఎఫ్‌లో మానేసిన తేదీ నింపకుండా సతాయిస్తాయి. చివరి పీఎఫ్ జమ తర్వాత రెండు నెలలు ఆగితే ఆ తేదీని నీ యూఏఎన్ (పీఎఫ్ నంబరు) లాగిన్‌లో నువ్వే పెట్టుకోవచ్చు.

పిల్లలమర్రి అక్క చెప్పిన రెండో లీడ్ లాంటి వాళ్ల గురించి ఆడపిల్లలకు ఒక మాట. పది మంది, అంతకు మించి ఉన్న ప్రతి ఆఫీసులో, పనిచోట లైంగిక వేధింపుల మీద వచ్చిన 2013 చట్టం ప్రకారం, ఫిర్యాదులు చూసే అంతర్గత కమిటీ ఉండాలి. లైంగిక వేధింపు అయితే మూడు నెలల్లోపు రాసివ్వాలి. మీ ఆఫీసులో కమిటీ సభ్యులెవరో తెలియకపోతే ఆ ప్రశ్న కూడా మెయిల్‌లోనే అడగండి.

నల్లమల_గాలి (అచ్చంపేట)
ఆదివారం, ఉదయం 6:30

సర్కారు దవాఖానలో స్టాఫ్ నర్సును. నీ కడుపు నొప్పి గురించి ఎవరూ మాట్లాడలేదు, అందుకే రాస్తున్నా. ఆదివారం సాయంత్రమే వచ్చే నొప్పి టెన్షన్‌దే అయి ఉండొచ్చు, కానీ అట్లా అనుకుని వదిలేయకు, ఒకసారి డాక్టర్‌కు చూపించు. నైట్ డ్యూటీకి వచ్చే పిల్లల్లో ఇరవై నాలుగేళ్లకే బీపీ చూస్తున్నా. వారానికి 55 గంటలు, ఆపైన పనిచేసేవాళ్లకు పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో చెప్పాయి. 35 నుంచి 40 గంటలు చేసేవాళ్లతో పోల్చి చెప్పిన లెక్క అది.

రాత్రిపూట మనసు మరీ కుంగిపోయినా, బతకాలని లేదన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా 14416కు ఫోన్ చెయ్. టెలీ మానస్, మనసు బాధలకు సర్కారు హెల్ప్‌లైన్. డబ్బులుండవు, ఏ వేళనైనా పలుకుతారు, తెలుగులో మాట్లాడతారు. సిగ్గుపడే విషయం కాదు తమ్మీ.

సాగర్_ఎడమకాలువ
ఆదివారం, ఉదయం 10:25

నిన్న పొద్దున రాసింది తొందరపడి రాశాను. నిన్నంతా మనసు మనసులో లేదు. చెప్పాల్సింది ఒకటుంది.

2017లో నా కింద ఒక కుర్రాడు ఉండేవాడు. దేవరకొండ వైపు పిల్లాడు, నెమ్మదస్తుడు. ఒక రిలీజ్ రాత్రి కాన్ఫిగ్ ఫైల్‌లో టెస్ట్ సర్వర్ అడ్రస్ వదిలేశాడు. మూడు గంటలు పోరాడి సరిచేశాం. తెల్లారి మీటింగ్‌లో ఇరవై మంది ముందు, "నీకు గొర్లు కాసుకునే పని సరిపోయేది" అన్నాను. నాకు ఆ క్షణం అది పెద్ద మాట అనిపించలేదు. నాకూ అట్లాగే అన్నారు, నేనూ నిలబడ్డాను కదా అనుకున్నాను. ఆ రోజు నుంచి వాడు ప్రశ్నలడగడం మానేశాడు. అడగకుండా చేసేసరికి తప్పులు ఎక్కువయ్యాయి, నేను ఇంకా తిట్టాను. ఆరు వారాల్లో మానేశాడు.

రెండేళ్ల తర్వాత సూర్యాపేట బస్టాండ్‌లో కనబడ్డాడు. వాళ్ల అమ్మ పక్కన ఉంది. పలకరిద్దామని రెండడుగులు వేశాను. నన్ను చూసి వాడి మొహం తెల్లబోయింది. అమ్మ చేయి పట్టుకుని ప్లాట్‌ఫారం అవతలి చివరకు వెళ్లిపోయాడు. ఆవిడకు ఏం అర్థమైందో, వెనక్కి తిరిగి తిరిగి నన్ను చూసింది.

బత్తాయితోట తమ్మీ, నీ పోస్ట్‌లో మీ నాయిన అడిగిన మాట చదివినప్పుడు నాకు ఆవిడ చూపు గుర్తొచ్చింది. అయినా పాత అలవాటు కొద్దీ ఓర్చుకో అని రాశాను. ఓర్చుకోవద్దు. నీకు జరుగుతున్నది తప్పు. ఆ కుర్రాడి జాడ ఎవరికైనా తెలిస్తే చెప్పమని పాత టీమ్ వాళ్లను నిన్న అడిగాను.

నా చేతనైన సాయం ఒకటి. శుక్రవారం జరిగినదాని మీద ఇన్సిడెంట్ రిపోర్ట్ నువ్వే రాయి, ఎవరూ అడగకముందే. మంచి టీమ్‌లు ఈ రిపోర్ట్‌లో తప్పెవరిదని రాయవు, ఏం జరిగింది, ఎందుకు జరగగలిగింది, మళ్లీ జరగకుండా ఏం మార్చాలి అని రాస్తాయి. గంటలు, నిమిషాలతో రాయి. "2:52కి: రాత్రి చేద్దామని, లేదా కాంకరెంట్లీ వాడదామని చాట్‌లో సూచించాను. 2:55కి: వెంటనే చేయమని జవాబు వచ్చింది. 3:01కి: కమాండ్ నడిపాను." అంతే. ఒక్క నింద కూడా వద్దు. చివర "పెద్ద టేబుళ్ల మీద మార్పులకు ఇద్దరి ఆమోదం ఉండాలి" అన్న సూచన పెట్టు. లీడ్‌కు, ఆయన పైవాడికి కలిపి పంపు. చదివేవాడికి విషయం అర్థమవుతుంది.

మునుగోడు_మట్టి
ఆదివారం, మధ్యాహ్నం 2:10

ఒక్క హెచ్చరిక. కోపంలో చేతిలో ఆఫర్ లేకుండా మానేయకు. నేను మానేశాను. ఏడు నెలలు ఖాళీ. మూడో నెల నుంచి ఊళ్లో తలెత్తుకోలేక అమీర్‌పేట హాస్టల్‌లోనే పడి ఉన్నా, ఆ బాకీ ఇంకా తీరుస్తున్నా. అట్లాగని ఆరోగ్యం చెడిపోతుంటే ఆగమని అనను. కనీసం నాలుగు నెలల ఖర్చు పక్కన పెట్టుకున్నాకే రాజీనామా కాగితం పెట్టు.

పిల్లలమర్రి_నీడ
ఆదివారం, మధ్యాహ్నం 3:00

ఇది నిజం. ఇంకోటి కూడా చూడు తమ్మీ, పని హైదరాబాద్‌లోనే అని లేదు. 2023 మేలో మా దివిటిపల్లి దగ్గర ఐటీ టవర్ తెరిచారు, అదే ఏడాది అక్టోబర్‌లో మీ నల్లగొండలో. నేను ఇప్పుడు ఇక్కడే, ఊళ్లోనే ఉండి పనిచేస్తున్నా. జీతం పట్నంతో పోలిస్తే తక్కువ, కంపెనీలూ కొద్దే, పెద్ద సిస్టమ్‌ల మీద పని దొరకడం కష్టం. కానీ హాస్టల్ ఖర్చు లేదు, రాత్రి ఇంట్లో అన్నం తింటున్నా. వెతికేటప్పుడు అదీ ఒక లెక్కలో ఉంచుకో.

గద్వాల_మాస్టారు
ఆదివారం, రాత్రి 7:45

నేను సాఫ్ట్‌వేర్ మనిషిని కాను. రిటైరైన బడిపంతులును. మా అమ్మాయి మీ రంగంలోనే ఉంది కాబట్టి ఇవన్నీ చదువుతుంటాను.

బాబూ, ఇంట్లో చెప్పలేదన్నావు. మీ పిల్లలు మాకేమీ తెలియదనుకుంటారు. మా అమ్మాయి ఎనిమిది నెలలు దాచింది. నాకు రెండో నెలలోనే తెలిసింది. అన్నం కలిపి ముద్ద చేతిలోనే ఉంచుకుని ఫోన్ చూసేది, ముద్ద ఎండిపోయేది. అడిగితే బాధపడుతుందేమోనని నేను అడగలేదు, చెబితే నేను బాధపడతానని తను చెప్పలేదు. ఆ ఆరు నెలలు వృథాగా పోయాయి.

మీ నాయిన దొంగతనం చేశావా అని అడిగింది నిన్ను అనుమానించి కాదు. ఆయనకు తెలిసిన లోకంలో మనిషిని అర్ధరాత్రి అట్లా తిట్టేది దొంగతనం చేస్తేనే. అంత అన్యాయం ఊరికే జరుగుతుందని ఆయన ఊహకు రాలేదు. వెళ్లి చెప్పు. ఇంట్లో కాదు, పని దగ్గర చెప్పు. చేతులకు పని ఉన్నప్పుడు మగవాళ్లు బాగా వింటారు. బాధ చెప్పాక అంకెలు కూడా చెప్పు, జీతమెంత, అప్పెంత, బాండ్ ఎంత. అంకెలు తెలిస్తే పెద్దవాళ్లకు ధైర్యం వస్తుంది.

బత్తాయితోట
పన్నెండు రోజుల తర్వాత, రాత్రి 10:15

ఆలస్యమైంది, క్షమించండి. ఒక్కొక్కటి చెబుతాను.

గురువారం లంచ్ టైమ్‌లో తోటకు పోయాను. డ్రిప్ పైపుల్లో రంధ్రాలు పూడుకుపోతే నాయిన ఒక్కొక్కటే విప్పి ఊదుతున్నాడు. నేనూ కూర్చుని విప్పడం మొదలుపెట్టాను. మాస్టారు గారు అన్నది నిజం, మొహం చూడనక్కర లేకపోయేసరికి మాట వచ్చింది. స్టాండప్, రివ్యూలు, ఆ శుక్రవారం, అన్నీ చెప్పాను. ఊదడం ఆపలేదు. బాండ్ లక్షన్నర అన్నాను. "ఊఁ" అన్నాడు. నా మెమోలు వాళ్ల దగ్గర ఉన్నాయన్నాను. అప్పుడు చేతిలోది కింద పెట్టాడు.

"నీ కాయిదాలు వాళ్ల దగ్గరెందుకున్నయ్?"

నాకు తెలియని సంగతి ఒకటి అప్పుడు చెప్పాడు. నేను రెండో తరగతిలో ఉన్నప్పుడు బోరు కోసం అప్పు తెచ్చి, పట్టా పాసుపుస్తకం అప్పిచ్చినాయన దగ్గర పెట్టాడట. బాకీ తీరినా మూడేళ్లు తిప్పించుకున్నాడట. ఆ మూడేళ్లు ఆయన ఎక్కడ కనబడినా దండం పెట్టాల్సి వచ్చిందట. "తిట్టిండని గాదు బిడ్డా. కాయిదం ఆయన దగ్గరుంటె మనం నిలవడి మాట్లాడలేం. ముందుగాల అవి తెచ్చుకో. అప్పు సంగతి నేను జూస్త." తర్వాత ఇద్దరం మట్టి మీద పుల్లతో లెక్క వేశాం. జీతం లేకపోయినా ఐదు నెలలు నడుస్తుంది. నేను రెండు నెలలకే మునుగుతామని ఇన్నాళ్లూ అనుకున్నాను.

గడియారం సెంటర్ అన్న చెప్పినట్టు రెండు పేరాల మెయిల్ పెట్టాను. నాలుగో రోజు హెచ్ఆర్ పిలిచి, "అడిగితే ఇచ్చేవాళ్లం కదా" అంటూ కవరు చేతిలో పెట్టింది. ఇంటర్ మెమో మడత పడి ఉంది, మిగతావి బాగున్నాయి. ఆఫీసు బయట మెట్ల మీద కూర్చుని అన్నీ లెక్క చూసుకున్నాను.

ఇన్సిడెంట్ రిపోర్ట్ కూడా పంపాను. డెలివరీ మేనేజర్ "థాంక్స్, స్పష్టంగా ఉంది" అని రాశాడు. లీడ్ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు స్టాండప్‌లో మళ్లీ మొదలుపెట్టాడు. ఈసారి, "ఈ కామెంట్ టికెట్‌లో రాయండి సార్, చూసి సరిచేస్తాను" అన్నాను. గొంతు వణికింది. కానీ మాట బయటికి వచ్చింది. ఇంటర్వ్యూలకు చదవడం మొదలుపెట్టాను.

సాగర్_ఎడమకాలువ
అదే రాత్రి, 10:50

జావా వైపు అయినా, డేటాబేస్ వైపు అయినా, ఆదివారాలు పొద్దున గంట మాక్ ఇంటర్వ్యూ (సాధన కోసం ఉత్తుత్తి ఇంటర్వ్యూ) నేను తీసుకుంటాను. నీతో పాటు ఇంకెవరైనా ఉంటే వాళ్లనూ రమ్మను. కనగల్ తమ్ముడూ, నువ్వు కూడా.

బత్తాయితోట
నాలుగు నెలల తర్వాత, సాయంత్రం 5:40

కొత్త కంపెనీలో మూడో వారం. సాగర్ అన్న ఆరు ఆదివారాలు కూర్చోబెట్టి చదివించాడు. ఆ ఆరు గంటల్లో ఒక్కసారి కూడా గొంతు పెంచలేదు, ఇది ఇక్కడ రాసి తీరాలి.

పాతచోట ఊరికే వదల్లేదు. బాండ్ కింద లక్షన్నర అడిగారు. శిక్షణ ఖర్చు లెక్క అడిగాను, రెండుసార్లు మెయిల్ పెట్టాను, లెక్క రాలేదు. చివరికి 30 వేలకు తెగింది. ఆ డబ్బు పోయిందన్న బాధ ఉంది, ఇంకా గట్టిగా నిలబడాల్సిందేమో. నోటీసు 60 రోజులకు ఒప్పుకున్నారు. చివరి జీతం రెండు రోజుల్లో రాలేదు. వేతనాల కోడ్ గురించి రాసి గుర్తుచేస్తే పదకొండో రోజు పడింది.

ఆదివారం కడుపు నొప్పి తగ్గింది, పూర్తిగా పోలేదు. డాక్టర్ గ్యాస్ట్రైటిస్ అని మందులిచ్చారు, వేళకు తినమన్నారు. కొత్త టీమ్‌లో మొదటి రివ్యూ వచ్చినప్పుడు పది నిమిషాలు తెరవలేకపోయాను. తెరిస్తే, "ఈ క్వెరీ లూప్‌లో ఉంది, బయటికి తెస్తే బాగుంటుంది" అని ఒక్క లైన్.

తిప్పర్తి_తాటిచెట్టు
అదే రోజు, రాత్రి 9:05

అన్నా, మొత్తం చదివాను. నాది కూడా ఇదే కథ. చేరి ఐదు నెలలైంది, బాండ్ 3 లక్షలు. ఇంట్లో ఎవరికీ తెలియదు. ఎక్కడ మొదలుపెట్టాలో అర్థం కావట్లేదు.

బత్తాయితోట
అదే రోజు, రాత్రి 9:08

తమ్మీ, ఇక్కడే ఉన్నా. ముందు ఒక్కటి చెప్పు. నీ మెమోలు నీ దగ్గరున్నాయా, వాళ్ల దగ్గరా?